2003 కోబ్రా 4.6: పావు మైలు కోసం పెద్ద సూపర్‌చార్జర్ ఇంజిన్, సలహాలు కావాలి

కోబ్రా03

అందరికీ నమస్కారం. వచ్చే చలికాలంలో నా 2003 మస్టాంగ్ కోబ్రాకు ఇంజిన్ పని పెట్టుకోవాలని అనుకుంటున్నాను. ఏం మార్చాలో, ఏ వరుసలో మార్చాలో మీ అభిప్రాయాలు విన్నాకే డబ్బు బయటికి తీద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కారులో ఉన్నది ఫ్యాక్టరీ ఇంజినే: 4.6 లీటర్లు, నాలుగు క్యామ్‌లు, ఇనుప బ్లాక్, 8.5:1 కంప్రెషన్, ఈటన్ ఎం112 సూపర్‌చార్జర్ (ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ గాలిని బలవంతంగా లోపలికి తోసే పంపు). కంపెనీ చెప్పిన శక్తి 390 హెచ్‌పీ, బూస్ట్, అంటే వాతావరణం మీద అదనపు గాలి పీడనం, 8 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). చిన్న పుల్లీ వేసి, ఎగ్జాస్ట్ మార్చి, 93 ఆక్టేన్ పెట్రోలు మీద ట్యూన్ చేయించాక ఇప్పుడు 12 పీఎస్‌ఐ చూపిస్తోంది. టీ-56 ఆరు గేర్ల బాక్సు, వెనుక ఇండిపెండెంట్ సస్పెన్షన్ అలాగే ఉన్నాయి. నాతో కలిపి బరువు 3,850 పౌండ్లు. ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ డ్రాగ్ రేస్ ట్రాక్‌లో నాకు వచ్చిన మంచి స్లిప్ (పరుగు సమయాల చీటీ) ఇది: మొదటి 60 అడుగులకు 1.86 సెకన్లు, పావు మైలుకు 11.83, చివరి వేగం గంటకు 116 మైళ్లు.

9 సెకన్లలోకి దిగాలని నా కోరిక. ఇంజిన్ మొత్తం విప్పి, పిస్టన్లు, రాడ్లు మార్చి, దాని మీద పెద్ద సూపర్‌చార్జర్ పెడదామని ఆలోచన. ఇది సరైన దారేనా?

కొలతబద్ద

మీరు స్లిప్ పెట్టడం చాలా మంచిదైంది, ఎందుకంటే డైనో (ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) కాగితం కంటే నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. స్లిప్ మీది చివరి వేగం ఇంజిన్ శక్తిని చెబుతుంది. మొదటి 60 అడుగుల సమయం టైర్లు, సస్పెన్షన్, క్లచ్ ఎలా పనిచేస్తున్నాయో చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు కాబట్టి వేర్వేరుగానే చూడాలి.

వేగాన్ని 234తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, పౌండ్లలో బరువుతో గుణిస్తే ఉజ్జాయింపుగా హెచ్‌పీ వస్తుంది. మీ 116 మైళ్లకు అది దాదాపు 469. ఇదే వరుసలోని సమయపు సూత్రంతో వెనక్కి లెక్క కడితే, ఇంతే బరువుతో 10.50 సెకన్లకు సుమారు 657, 9.99కి సుమారు 763 హెచ్‌పీ కావాలి. ఈ అంకెలను డైనో అంకెలతో పోల్చవద్దు. ఒకే కారుకు ముందూ వెనుకా పోల్చుకోవడానికే ఇవి పనికొస్తాయి.

ఇక 1.86 సంగతి. 60 అడుగుల దగ్గర పదోవంతు సెకను తగ్గితే పావు మైలు చివర సుమారు ఒకటిన్నర పదోవంతు తగ్గుతుందని రేసర్లు మొదటి నుంచీ అనుకునే లెక్క. మంచి టైర్లతో 1.60కి వస్తే ఇప్పుడున్న ఇంజిన్‌తోనే మీరు 11.4 దగ్గర ఉంటారు. నేనైతే ఇంజిన్ మీద చెయ్యి వేసే ముందు ఈ పని చేస్తాను.

బేటౌన్_బాబాయి

మాకు దగ్గరలో ఉన్న బేటౌన్ ట్రాక్ 2022లో మూతబడ్డాక నేను కూడా ఎన్నిస్‌కే వస్తున్నాను. అక్కడ టెక్ లైనులో, అంటే పరుగుకు ముందు కార్లను తనిఖీ చేసే వరుసలో, నిలబడి చూసిన అనుభవంతో ఒక మాట చెబుతాను, బాబూ. 9.99 అనే అంకె ఇంజిన్ ఖర్చుతో ఆగదు.

అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం మీలాంటి పాత కారు 11.49కి వచ్చినప్పటి నుంచే రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే ఉక్కు గొట్టం) ఉండాలి. 10.99 నుంచి క్రాంక్ ముందు ఉండే బ్యాలెన్సర్‌కు ఎస్‌ఎఫ్‌ఐ (రేసు భాగాల భద్రతా ప్రమాణాల సంస్థ) 18.1 ముద్ర కావాలి. 9.99 అయినా, గంటకు 135 మైళ్లు దాటినా పూర్తి రోల్ కేజ్, పోటీ లైసెన్సు రెండూ తప్పనిసరి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ సవ్యంగా ఉన్న 2008 తర్వాతి కార్లకు కొంత సడలింపు ఉంది కానీ 2003 కారుకు అది వర్తించదు. కేజ్ పెట్టిన కారును హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడపడం ప్రమాదం, ఎందుకంటే చిన్న గుద్దుడుకే తల ఆ ఇనుప గొట్టానికి తగులుతుంది. ఆదివారం పిల్లలను ఎక్కించుకుని గుడికి వెళ్లే కారైతే 10.50 దగ్గర ఆగడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఒకసారి 10.50 అనుకున్నాక, ఆ అంకె చుట్టూనే ప్రతి భాగం ఎంచుకోండి.

ఇనుపదిమ్మ

బాబాయి గారి మాటకు నా మద్దతు. ఆ లక్ష్యానికి ఇంజిన్ కింది భాగం విప్పాల్సిన అవసరం లేదన్నది నా వాదన. ఈ కారును రూపొందించిన బృందం మొదట్లోనే ఇనుప బ్లాక్, ఫోర్జ్ చేసిన పిస్టన్లు, మాన్లీ వారి హెచ్ ఆకారపు ఫోర్జ్‌డ్ రాడ్లు పెట్టింది. ఆ కాలంలో షోరూమ్ కారులో ఇంత గట్టి సరంజామా అరుదు. కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్ నుంచి గాలి ఎంత కారుతుందో చూసే) పరీక్షల్లో ఎనిమిది సిలిండర్లూ ఒకేలా ఉంటే, నూనెలో మెరిసే లోహపు పొడి కనిపించకపోతే, 650 చుట్టుపక్కల శక్తి కోసం దాన్ని విప్పడం వృథా ఖర్చు. పైగా ఫ్యాక్టరీ బిగింపును విప్పి, అంతకంటే నాసిరకంగా మళ్లీ బిగించే షాపులు తక్కువేమీ కాదు.

విప్పకుండా వదలకూడనిది మాత్రం ఒకటుంది. అది ఆయిల్ పంపు. దాని లోపలి గేర్లు లోహపు పొడిని అచ్చులో ఒత్తి కాల్చి చేసినవి. క్రాంక్ నేరుగా వాటిని తిప్పుతుంది. ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే రెవ్ లిమిటర్‌కు కొట్టుకున్నప్పుడో, టైరు జారి మళ్లీ పట్టుకున్నప్పుడో క్రాంక్‌లో వచ్చే కుదుపు ఆ గేరుకే తగులుతుంది. గేరు చీలిన మరుక్షణం ఆయిల్ ప్రెషర్ సున్నా అవుతుంది, బేరింగులు పోతాయి. ఉక్కు దిమ్మ నుంచి చెక్కిన గేర్లు వేయాలంటే బ్యాలెన్సర్, ముందు కవర్ ఎలాగూ ఊడదీయాలి. బాబాయి గారు చెప్పిన 18.1 బ్యాలెన్సర్ కూడా అప్పుడే బిగిస్తే ఒకే కూలీతో రెండు పనులు అవుతాయి.

ఇంకొకటి: డ్రైవరు వైపు హెడ్‌లో వెనకనున్న 7, 8 సిలిండర్ల దగ్గర నీటి ప్రవాహం చాలదు. హెడ్ వెనుక నుంచి నీరు తిరిగి వెళ్లేలా ఒక గొట్టం కలిపే కిట్ దొరుకుతుంది. బూస్ట్ పెంచే ముందు అది వేయించండి.

దక్కన్_బూస్ట్

నాకు వేరే ఆలోచన ఉంది. ఇంత ఖర్చు పెట్టేటప్పుడు ఫోర్డ్ వారి 5.0 లీటర్ల కొయొట్ ఇంజిన్ మార్పిడి ఎందుకు చేయకూడదు? 2011లో అది సూపర్‌చార్జర్ లేకుండానే 412 హెచ్‌పీతో వచ్చింది. లేదంటే ఇదే ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగే టర్బో పెడితే బెల్టు తినే శక్తి మిగులుతుంది కదా?

ఇనుపదిమ్మ

ప్రశ్న న్యాయమైనదే. కొయొట్ హెడ్లు చాలా మంచివి. కానీ దాని కంప్రెషన్ 11.0:1, అందులోని రాడ్లు ఈ కోబ్రా రాడ్లంత బలమైనవి కావు. వైరింగ్, కంప్యూటర్, ఎగ్జాస్ట్ అన్నీ మార్చాక కూడా, మనం ఇప్పుడు నిలబడిన చోటికే మరో దారిలో వస్తాం. టర్బోతో 10.50 తప్పకుండా వస్తుంది కానీ, మాన్యువల్ గేర్లతో లైను దగ్గర బూస్ట్ పట్టుకుని నిలబడటం వేరే విద్య. ఇంజిన్ తిరుగుతున్నంత సేపూ చేతిలో సిద్ధంగా ఉండే బూస్ట్ కావాలంటే ఈ కారుకు పైన కూర్చునే సూపర్‌చార్జరే సరి.

కోబ్రా03

బాబాయి గారూ, మీ మాట విని 10.50నే లక్ష్యంగా పెట్టుకుంటున్నాను. ఇక నా సందేహం సూపర్‌చార్జర్ గురించి. ఎం112నే ఇంకా చిన్న పుల్లీతో తిప్పితే సరిపోదా? కొందరు దాన్ని పోర్ట్ చేయించమంటున్నారు, అంటే లోపలి గాలి దారులను వెడల్పు చేయించడం.

కొలతబద్ద

సరిపోదు. ఎందుకు సరిపోదో లెక్క వేసి చూపిస్తాను. కొంచెం పొడుగైనా ఈ చర్చకు ఇదే కీలకం.

469 నుంచి 657కి వెళ్లాలంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి బరువు 1.4 రెట్లు కావాలి. ఇప్పుడు మీ మానిఫోల్డ్‌లో ఉన్న మొత్తం పీడనం 12కి వాతావరణపు 14.7 కలిపి 26.7 పీఎస్‌ఐ. దాన్ని 1.4తో గుణిస్తే 37 దాటుతుంది, అంటే 22 పైన బూస్ట్. అయితే గాలి ఇప్పటికంటే చల్లగా లోపలికి వెళ్లి, మంచి ఇంధనం వల్ల ఇగ్నిషన్ టైమింగ్ కాస్త ముందుకు జరిపే వీలుంటే 18 నుంచి 20తో పని జరుగుతుంది. 20 అనుకుందాం.

4.6 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ క్రాంక్ ఒక్క చుట్టుకు 2.3 లీటర్లు మింగుతుంది. 6,500 ఆర్‌పీఎం దగ్గర, 20 పీఎస్‌ఐ బూస్ట్‌తో, ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) దాటాక గాలి 57 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుంటే, సూపర్‌చార్జర్ బయటి నుంచి నిమిషానికి దాదాపు 31,000 లీటర్లు పీల్చాలి. ఎం112 ఒక చుట్టుకు తోసేది 1.84 లీటర్లు, లోపలి కారుడు తీసేస్తే ఇంకా తక్కువ. ఆ గాలి ఇవ్వాలంటే దాన్ని 19,000 ఆర్‌పీఎం తిప్పాలి. దాన్ని 14,000 దాటించవద్దని అందరూ చెప్పేదే. పోర్ట్ చేయిస్తే కొంత మెరుగవుతుంది కానీ ఈ దూరం పూడదు. అదే ఒక చుట్టుకు 2.3 లీటర్లు తోసే పెద్ద యూనిట్ అయితే దాదాపు 15,000 దగ్గర ఆ పని చేస్తుంది. మీరు కొనే యూనిట్ గరిష్ఠ వేగం ఎంతో తయారీదారు పట్టికలో చూసుకుని, ఆ తర్వాతే పుల్లీ నిర్ణయించండి.

రెండోది వేడి. ఎం112 పాత రూట్స్ పద్ధతిది. అది గాలిని లోపల నొక్కదు, మానిఫోల్డ్‌లోకి తోస్తుంది, అక్కడి పీడనం వెనక్కి తన్నినప్పుడు గాలి ఒక్కసారిగా నలిగి వేడెక్కుతుంది. ట్విన్ స్క్రూ రకం సూపర్‌చార్జర్‌లో రెండు మరలు గాలిని లోపలే క్రమంగా కుదిస్తాయి. బయట 32 డిగ్రీలు ఉన్న రోజున 20 పీఎస్‌ఐ దగ్గర, 55 శాతం సామర్థ్యంతో పనిచేసే యూనిట్ నుంచి గాలి సుమారు 186 డిగ్రీలతో వస్తుంది. 70 శాతం ఉన్నదాని నుంచి 153తో వస్తుంది. ఆ తేడాను కూడా బెల్టే మోస్తుంది: మనకు కావలసిన గాలికి మొదటిదాన్ని తిప్పడానికి దాదాపు 126 హెచ్‌పీ, రెండోదానికి దాదాపు 99. అంటే యూనిట్ మార్చినందుకే 27 హెచ్‌పీ చక్రాల వైపు వెళ్తుంది.

ఈటన్ వారి కొత్త టీవీఎస్ రకం కూడా మంచి ఎంపికే. ఎం శ్రేణి రోటర్లకు మూడు రెక్కలు, 60 డిగ్రీల మెలిక ఉంటే, టీవీఎస్‌కు నాలుగు రెక్కలు, 160 డిగ్రీల మెలిక. అందుకే పాత రూట్స్ కంటే చాలా చల్లగా ఉంటుంది. 15 పీఎస్‌ఐ లోపల అయితే నేను టీవీఎస్ తీసుకుంటాను. 20 దగ్గర ట్విన్ స్క్రూ.

కోబ్రా03

ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. 2.3 లీటర్ల ట్విన్ స్క్రూ అని రాసుకున్నాను. ఇంధనం మాటేమిటి? మా ఇంటికి దగ్గర బంకులో ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోలు) దొరుకుతుంది.

కొలతబద్ద

ఈ85 దొరికితే రెండో ఆలోచన వద్దు. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు చాలా వేడిని లాగేస్తుంది, నాక్‌ను, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడాన్ని, బాగా తట్టుకుంటుంది. కానీ అది పెట్రోలు కంటే 35 నుంచి 40 శాతం ఎక్కువ ఖర్చవుతుంది. 657 హెచ్‌పీకి సూపర్‌చార్జర్ ఇంజిన్‌లో గంటకు సుమారు 407 పౌండ్ల పెట్రోలు కావాలి. ఎనిమిది ఇంజెక్టర్లకు పంచి, 80 శాతం కంటే ఎక్కువ సేపు తెరవకూడదని పెట్టుకుంటే ఒక్కోటి 64 పౌండ్లది అవుతుంది. ఈ85కి అది దాదాపు 89 అవుతుంది. మీ ఫ్యాక్టరీ ఇంజెక్టర్లు 39 పౌండ్లవి. కాబట్టి వంద పౌండ్ల తరగతివి తీసుకోండి. ట్యాంకులోని రెండు పంపులనూ పెద్దవి చేసి, వాటికి కరెంటు ఇచ్చే వైర్లు కూడా మార్చండి; సన్నని వైరు మీద ఓల్టేజీ పడిపోతే పెద్ద పంపు కూడా చిన్న పంపులాగే పనిచేస్తుంది. ఎయిర్ మీటర్ కూడా ఈ గాలికి చాలదు, పెద్దది కావాలి.

గోదావరి_గేర్

ఈ85 మీద ఒక జాగ్రత్త. పేరులో 85 ఉన్నా అమెరికాలో ఆ పేరుతో అమ్మే ఇంధనంలో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఏదైనా ఉండవచ్చు, చలికాలంలో తక్కువ ఉంటుంది. నేను ప్రతిసారీ ట్యాంకు నింపే ముందు పరీక్షిస్తాను. గీతలున్న గాజు గొట్టంలో కింది గీత దాకా నీళ్లు, పైగీత దాకా ఇంధనం పోసి, మూత బిగించి కుదిపి, కొంచెం సేపు నిలబెట్టాలి. ఇథనాల్ నీళ్లలో కలిసి కిందికి దిగుతుంది, పెట్రోలు పైన తేలుతుంది, రెంటి మధ్య అంచు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ అంచు ఎంత పైకి జరిగిందో దాన్నిబట్టి శాతం తెలుస్తుంది. రెండు నిమిషాల పని. 80కి ట్యూన్ చేసిన కారులో 60 పోసి 20 పీఎస్‌ఐ తొక్కితే పిస్టన్ అంచులు కరుగుతాయి. ఇథనాల్ సెన్సర్ పెట్టుకుని ట్యూన్‌ను దానికి జోడించగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు నా సొంత విషయానికి వస్తాను. ఈ శక్తిని రోడ్డుకు చేర్చే భాగాల గురించి ఇంతవరకు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఈ కారు వెనుక సస్పెన్షన్ రోడ్డు మీద హాయిగా ఉంటుంది కానీ, అంటుకునే టైర్లతో లైను దగ్గర క్లచ్ వదిలితే చక్రాలు ఎగిరెగిరి పడతాయి, ఆ దెబ్బకు చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్ట్‌లు విరుగుతాయి. గట్టి బుషింగులు, బలమైన హాఫ్ షాఫ్ట్‌లు వేసి దాన్నే నిలబెట్టుకున్నవారు ఉన్నారు. నా సలహా మాత్రం 8.8 అంగుళాల సాలిడ్ యాక్సిల్‌కు (రెండు వెనుక చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) మారడమే. మస్టాంగ్ జీటీ యాక్సిల్ పాత సామాను యార్డుల్లో దొరుకుతుంది. లోపల బలమైన యాక్సిళ్లు, సర్దుబాటు చేసుకోగల కంట్రోల్ ఆర్మ్‌లు వేస్తే 1.5 దగ్గరి 60 అడుగుల సమయం సాధ్యం. చక్రాలు కొనే ముందు వెనుక బ్రేకులకు తగలకుండా 15 అంగుళాలవి పడతాయో లేదో కొలిచి చూసుకోండి.

బేటౌన్_బాబాయి

క్లచ్ ఉన్న కారు కాబట్టి ఇంకొక నిబంధన చెప్పడం నా బాధ్యత. 11.49 నుంచి ఫ్లైవీల్, క్లచ్ రెండూ ఎస్‌ఎఫ్‌ఐ ముద్ర ఉన్నవై ఉండాలి. క్లచ్‌ను కప్పి ఉండే ఫ్యాక్టరీ అల్యూమినియం బెల్ హౌసింగ్ స్థానంలో 6.1 ముద్ర ఉన్న ఉక్కు హౌసింగ్ ఉండాలి. ఇది కాగితం కోసం పెట్టిన నిబంధన కాదు. ఆరువేల ఆర్‌పీఎం మీద ఫ్లైవీల్ పగిలితే ఆ ముక్కలు నేరుగా మన కాళ్ల మీదికే వస్తాయి. 1970లో లాస్ ఏంజెలెస్ దగ్గరి లయన్స్ స్ట్రిప్‌లో పేరున్న డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కారు ట్రాన్స్‌మిషన్ పేలి, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆ తర్వాతే ఆయన ఇంజిన్‌ను డ్రైవరు వెనక్కి పెట్టిన కారును కట్టి గెలిచారు, మిగిలినవారంతా ఆ దారినే నడిచారు. మనం ఇంజిన్‌ను వెనక్కి పెట్టలేం, హౌసింగ్ మాత్రం మార్చగలం.

డ్రైవ్‌షాఫ్ట్ విరిగితే కింద పడకుండా పట్టుకునే డ్రైవ్‌షాఫ్ట్ లూప్ కూడా మరచిపోవద్దు.

కోబ్రా03

బెల్ హౌసింగ్ సంగతి నేను అసలు ఆలోచించలేదు, బాబాయి గారూ. దాన్ని ఖర్చుల పట్టికలో పైకి చేర్చాను. ఇంకొక ప్రశ్న: ఇప్పుడే ఐదువేల ఆర్‌పీఎం దాటాక బూస్ట్ 12 నుంచి 11కి, ఒక్కోసారి 10కి పడిపోతోంది. ఇది ఎం112 అలసిపోవడమా, బెల్టు జారడమా?

ఇనుపదిమ్మ

రెండూ కావచ్చు, తేడా కనుక్కోవడం సులభం. పుల్లీ చుట్టూ, దాని వెనకున్న కవర్ మీద నల్లని రబ్బరు పొడి పేరుకుందేమో చూడండి. వేలితో రుద్దితే మెత్తగా మసిలా అంటుకుంటే అది బెల్టు అరిగిన పొడే. బెల్టు లోపలి పొడవాటి గాడులు అద్దంలా మెరుస్తున్నా జారుతున్నట్టే. బూస్ట్ గీత ఉన్నట్టుండి విరిగినట్టు పడితే అది బెల్టు. నెమ్మదిగా వాలుతూ పోతే యూనిట్ చాలకపోవడం.

పుల్లీ చిన్నదవుతున్న కొద్దీ బెల్టుకు పట్టుకునే చోటు తగ్గుతుంది, మోయాల్సిన బరువు మాత్రం పెరుగుతుంది. కొలతబద్ద గారు లెక్క వేసిన వంద హెచ్‌పీ మొత్తం ఆ అరచేయంత రబ్బరు మీద నుంచే వెళ్లాలి. అందుకని పై పుల్లీని మరీ చిన్నది చేయకుండా కింది పుల్లీని పెద్దది చేయించండి. అదనపు ఐడ్లర్ (బెల్టును మళ్లించే చిన్న చక్రం) వేసి బెల్టును పై పుల్లీ చుట్టూ ఎక్కువ చుట్టేలా చేయండి. స్ప్రింగు టెన్షనర్‌ను మరీ బిగిస్తే సూపర్‌చార్జర్ ముందు బేరింగు పోతుంది కాబట్టి, బిగువు పెంచడం చివరి ఉపాయంగా ఉంచండి.

ప్లగ్గులు ఒకటి రెండు మెట్లు చల్లనివి వేసి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. 20 పీఎస్‌ఐ దగ్గర ఎక్కువ గ్యాప్ ఉంటే నిప్పురవ్వ ఆరిపోతుంది.

దక్కన్_బూస్ట్

ఒక చిన్న సందేహం. ఎప్పుడైనా పిస్టన్లు మార్చాల్సి వస్తే రింగు గ్యాప్ (పిస్టన్ రింగు రెండు చివరల మధ్య ఖాళీ) ఎంత పెట్టాలి?

ఇనుపదిమ్మ

పిస్టన్ తయారీదారు కాగితమే ప్రమాణం. సాధారణంగా ఇలాంటి బూస్ట్‌కు బోర్ (సిలిండర్ వ్యాసం) ప్రతి అంగుళానికి 0.006 అంగుళం చొప్పున పై రింగుకు ఇస్తారు; ఈ 90.2 మిల్లీమీటర్ల బోర్‌కు అర మిల్లీమీటరు పైచిలుకు వస్తుంది. తక్కువ పెడితే వేడికి రింగు చివరలు ఒకదానికొకటి తగిలి పిస్టన్ పైభాగాన్ని పెళ్లగిస్తాయి.

కోబ్రా03

అందరి సలహాలతో నా ప్రణాళిక ఇలా మారింది. ముందుగా కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయిస్తాను; అవి బాగుంటే కింది భాగం జోలికి వెళ్లను. ఆ తర్వాత సాలిడ్ యాక్సిల్, టైర్లు, రోల్ బార్, క్లచ్, ఉక్కు బెల్ హౌసింగ్, డ్రైవ్‌షాఫ్ట్ లూప్ పెట్టి, ఇప్పుడున్న ఎం112తోనే ఈ చలికాలమంతా ఎన్నిస్‌లో 60 అడుగుల సమయం మీద పనిచేస్తాను. అది 1.60కి వచ్చాక ఆయిల్ పంపు గేర్లు, బ్యాలెన్సర్, హెడ్ కూలింగ్ కిట్ ఒకేసారి వేయిస్తాను. ఇంధన వ్యవస్థ పూర్తయి, ఈ85 మీద 12 పీఎస్‌ఐతో ట్యూన్ కుదిరాకే ట్విన్ స్క్రూ వస్తుంది. దానికి కూడా మొదట పెద్ద పుల్లీ వేసి 15 పీఎస్‌ఐతో మొదలుపెడతాను.

కొలతబద్ద

ఈ వరుస బాగుంది. ఒక్కటే చేర్పు: ఇంటర్‌కూలర్ నీటి పంపు, ముందున్న రేడియేటర్ కూడా ట్విన్ స్క్రూతో పాటే పెద్దవి చేయండి, మానిఫోల్డ్‌లో గాలి ఉష్ణోగ్రత చూపే సెన్సర్‌ను లాగ్‌లో పెట్టండి. నేను లెక్కలో 57 డిగ్రీలు అనుకున్నాను. ఎన్నిస్‌లో వేసవి మధ్యాహ్నం వరుసగా రెండో పరుగుకు అది 80 దాటితే ఆ రోజుకు బూస్ట్ తగ్గించాలి, లేదా నీళ్ల ట్యాంకులో ఐస్ వేయాలి.

బేటౌన్_బాబాయి

రోల్ బార్ వెల్డింగ్ చేయించే ముందు ఆ షాపు వారికి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల పుస్తకంలోని గొట్టం మందం, బిగించే చోట్ల వివరాలు చూపించు, బాబూ. మందం తక్కువ గొట్టంతో చేసిన బార్‌ను టెక్‌లో తిప్పి పంపేయడం నేను చూశాను. అది అయ్యాక కబురు చెయ్యి, మొదటి రోజు నేను కూడా ఎన్నిస్ వస్తాను.